ప్లేట్ మీద జీరో వస్తే పాసేనా? ఆయింట్‌మెంట్, క్రీమ్‌లకి మైక్రో టెస్ట్ గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. కొత్తగా మైక్రో ల్యాబ్‌లో, అంటే మందుల్లో క్రిములు ఉన్నాయా అని చూసే మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చేరావు, చేతికి రెండు ప్రొడక్టులు ఇచ్చారు, ఒకటి సాలిసిలిక్ యాసిడ్ ఆయింట్‌మెంట్ అంటే బేస్ మొత్తం వైట్ సాఫ్ట్ పారఫిన్, రెండోది క్లోట్రిమజోల్, బెక్లోమెథసోన్, జెంటామైసిన్ కలిపిన క్రీమ్. ఆయింట్‌మెంట్‌ని బఫర్‌లో వేస్తే ముద్దలా పైకి తేలుతోంది, అయినా ప్లేట్లు, అదే క్రిములు పెరగడానికి అగార్ అనే జెల్లీ పోసిన పళ్ళేలు, ప్రతి బ్యాచ్‌కీ జీరోనే, సీనియర్‌ని అడిగితే జీరో వస్తే పాసే కదా ఎందుకు అంత ఆలోచిస్తావ్ అన్నాడు, అది కరెక్టేనా అని అడిగావు. కరెక్ట్ కాదు. నీకు డౌట్ రావడమే మంచిది అయ్యింది, ఎందుకంటే ఆ ప్లేట్ మీద జీరో రావడానికి కారణాలు మూడు ఉండొచ్చు, ఒకటి ప్రొడక్ట్‌లో నిజంగానే ఏమీ లేకపోవడం, రెండు బ్యాక్టీరియా ఉన్నా ఆ గ్రీజు ముద్ద లోపలే ఉండిపోయి అగార్ దాకా రాకపోవడం, మూడు అగార్ దాకా వచ్చినా దాంతోపాటే వచ్చిన ప్రిజర్వేటివో యాంటీబయోటిక్కో దాన్ని పెరగనివ్వకపోవడం. ప్లేట్ చూసి ఈ మూడిట్లో ఏదో ఎవ్వరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. అది చెప్పేది మెథడ్ సూటబిలిటీ, అంటే ఈ పద్ధతి ఈ ప్రొడక్ట్‌లో ఉన్న క్రిముల్ని నిజంగా పట్టుకోగలదా అని చూసే పరీక్ష, అదొక్కటే. అది లేకుండా రాసిన జీరోకి విలువ లేదు.

ముందు ఆయింట్‌మెంట్ సంగతి చూద్దాం. ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాల గ్రంథంలో, ఫ్యాటీ ప్రొడక్టులకి రెండు దారులు ఇచ్చారు, ఒకటి ఫిల్టర్ చేసి స్టెరైల్ చేసిన ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌లో కరిగించడం, రెండోది స్టెరైల్ పాలీసార్బేట్ 80, అదే మన ట్వీన్ 80, ఎంత తక్కువ సరిపోతే అంత తీసుకుని కలపడం. రెండిట్లోనూ వేడి 40 డిగ్రీలు దాటకూడదు, తప్పనిసరి అయితే 45. ఇక్కడే చాలా ల్యాబుల్లో తప్పు జరుగుతుంది. వైట్ సాఫ్ట్ పారఫిన్ కరిగే రేంజి 38 నుంచి 60 డిగ్రీల దాకా ఉంటుంది, అంటే 40లో పెడితే మెత్తబడుతుంది గానీ పూర్తిగా కరగదు, దాంతో విసుగొచ్చి వాటర్ బాత్‌ని 65కో 70కో పెంచి చక్కగా నూనెలా అయ్యాక బఫర్ పోసేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ నువ్వు లెక్కపెట్టాలనుకున్న సూడోమోనాస్, స్టాఫైలోకాకస్ లాంటివాటిని ఆ వేడిలో నువ్వే చంపేసి తర్వాత ప్లేట్ వేస్తున్నావు. మీ వాటర్ బాత్ లాగ్‌బుక్ ఒకసారి తీసి చూడు, టెస్ట్ టైములో టెంపరేచర్ ఎంత రాశారో.

నీ ఆయింట్‌మెంట్‌కి నేనైతే ట్వీన్ దారి వదిలేసి మిరిస్టేట్‌తో మెంబ్రేన్ ఫిల్ట్రేషనే, అంటే క్రిములు ఆగిపోయే సన్నటి పొర మీద వడకట్టి ఆ పొరని అగార్ మీద పెట్టడమే, ట్రై చేస్తాను. ట్యూబులు ఒక్కదాంట్లోంచి కాకుండా బ్యాచ్ మొదట్లో, మధ్యలో, చివర్లో నింపినవి తీసుకో, ఎందుకంటే నీళ్ళలా కలిసిపోయే సరుకు కాదిది, కంటామినేషన్ ఉంటే అక్కడక్కడా పాకెట్లలా ఉంటుంది. ట్యూబు బయట 70 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిచి పూర్తిగా ఆరనివ్వు, తడి ఉండగానే తెరిస్తే ఆ ఆల్కహాల్ శాంపిల్‌లోకి దిగుతుంది. తర్వాత స్టెరైల్ గాజు పూసలున్న బాటిల్‌లో 10 గ్రాములు తూచి, ముందే 40 డిగ్రీల్లో ఉంచిన మిరిస్టేట్ పోసి 100 ఎంఎల్ చేసి, మూత బిగించి బాగా ఊపు. పూసలు అవసరం, అవి లేకపోతే ముద్ద గోడకి అంటుకుని అక్కడే ఉండిపోతుంది. బాటిల్‌ని లైటుకి ఎదురుగా పట్టుకుని చూడు, బేస్ కరిగిపోయి ద్రావణం ఒకేలా ఉండాలి, గోడకి తెల్లటి పొర కనిపిస్తే ఇంకా కరగలేదు, మళ్ళీ బాత్‌లో పెట్టి ఊపు, కానీ ఆ వేడిలో ఉంచే టైము ఎంత తక్కువైతే అంత మంచిది, ఎన్ని నిమిషాలో కూడా రాసి పెట్టు.

కరిగాక అందులోంచి 10 ఎంఎల్ అంటే 1 గ్రాము ప్రొడక్ట్, 0.45 మైక్రాన్ మెంబ్రేన్ మీద పోసి ఫిల్టర్ చేసి, ముందు కొంచెం వట్టి మిరిస్టేట్‌తో, తర్వాత ట్వీన్ కలిపిన పెప్టోన్ వాటర్‌తో 100 ఎంఎల్ చొప్పున మూడు సార్లు కడుగు. ట్వీన్ లేకుండా కడిగితే నూనె పొర మెంబ్రేన్ మీదే ఉండిపోతుంది, దాని కింద ఉన్న సెల్‌కి అగార్‌లోంచి నీళ్ళు గానీ తిండి గానీ అందవు. ఇలాంటివి రెండు మెంబ్రేన్లు, ఒకటి బ్యాక్టీరియా కోసం ఎస్‌సీడీఏ (సోయాబీన్ కేసిన్ డైజెస్ట్ అగార్) మీద 30-35 డిగ్రీల్లో 3 నుంచి 5 రోజులు, ఇంకోటి ఈస్ట్, మోల్డ్ కోసం ఎస్‌డీఏ (సబోరాడ్ డెక్స్‌ట్రోజ్ అగార్) మీద 20-25లో 5 నుంచి 7 రోజులు. అదే జింక్ ఆక్సైడో సల్ఫరో ఉన్న ఆయింట్‌మెంట్ అయితే ఫిల్టర్ మొరాయిస్తుంది, పొడి మెంబ్రేన్‌ని మూసేస్తుంది, వాటికి ట్వీన్ ఎమల్షన్ చేసి పోర్ ప్లేట్ వేసుకోవడమే, అంటే శాంపిల్‌ని కరిగిన అగార్‌తో కలిపి ప్లేట్‌లో పోసుకోవడమే దారి.

మిరిస్టేట్‌ని ఆటోక్లేవ్ చెయ్యాలని చూడకు, నూనె లాంటి దాంట్లోకి ఆవిరి దిగదు. హాట్ ఎయిర్ ఓవెన్‌లో పెడితే అది విరిగి బ్యాక్టీరియాకి విషంగా మారే అవకాశం ఉంది, అందుకే ఫిల్టర్ చేసి స్టెరైల్ చెయ్యమన్నారు.

సాలిసిలిక్ యాసిడ్ పేరులోనే యాసిడ్ ఉంది కదా, ఎప్పుడైనా ట్వీన్ మెథడ్‌కి వెళ్ళాల్సి వస్తే 1:10 డైల్యూషన్ చేశాక పీహెచ్ చూడకుండా ముందుకెళ్ళకు, 6 నుంచి 8 మధ్యలో లేకపోతే సరిచెయ్యాలి, లేకపోతే ప్రొడక్ట్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే రాదు, ఆ పుల్లదనానికే క్రిములు పెరగవు.

ఇప్పుడు సూటబిలిటీ. సూత్రం చాలా సింపుల్, తెలిసిన కల్చర్‌ని తెలిసినంత ప్రొడక్ట్‌లో కలిపి మళ్ళీ దొరుకుతుందా లేదా చూడటం. స్టాఫ్ ఆరియస్ 6538, సూడోమోనాస్ ఎరుగినోసా 9027, బాసిలస్ సబ్‌టిలిస్ 6633, క్యాండిడా 10231, ఆస్పర్‌జిల్లస్ బ్రాసిలియెన్సిస్ 16404, ఇవి ఏటీసీసీ అనే అమెరికా కల్చర్ బ్యాంకు నంబర్లు, చండీగఢ్‌లో ఉన్న మన కల్చర్ బ్యాంకు ఎంటీసీసీ నుంచి వాటికి సమానమైన స్ట్రెయిన్లు తెప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. ఒక్కోటి 100 సీఎఫ్‌యూ (కాలనీగా పెరగగల కణాలు) మించకుండా, ఆ సస్పెన్షన్ వాల్యూమ్ డైల్యూట్ చేసిన ప్రొడక్ట్‌లో 1 శాతం దాటకుండా కలపాలి. తర్వాత మూడు గ్రూపులు వెయ్యి, ప్రొడక్ట్ ప్లస్ కల్చర్, ప్రొడక్ట్ లేకుండా న్యూట్రలైజర్ (ప్రిజర్వేటివ్ పనిని ఆపే పదార్థం) ప్లస్ కల్చర్, వట్టి బఫర్ ప్లస్ కల్చర్. మధ్యది చాలామంది ఎగ్గొడతారు, అది ఎగ్గొడితే న్యూట్రలైజరే కల్చర్‌ని చంపుతోందో ప్రొడక్ట్ చంపుతోందో ఎప్పటికీ తెలీదు. రికవరీ కంట్రోల్‌తో పోలిస్తే సగానికి తగ్గకుండా రెండింతలు దాటకుండా ఉండాలి, అంటే కంట్రోల్‌లో 60 వస్తే నీకు 30 నుంచి 120 మధ్యలో రావాలి.

కల్చర్‌ని ఎక్కడ కలపాలి అన్నది నువ్వు అడగలేదు కానీ చెప్తాను, ఎందుకంటే రిపోర్టుల్లో ఇదే నాకు ఎక్కువ కనిపిస్తుంది. మిరిస్టేట్‌లో నీళ్ళతో చేసిన సస్పెన్షన్ సరిగ్గా కలవదు, బొట్టులా అడుక్కి దిగుతుంది, అందుకని చాలామంది మెంబ్రేన్ కడిగే చివరి రిన్స్‌లో కల్చర్ కలిపేస్తారు, రికవరీ 95 శాతం వస్తుంది, అందరూ హ్యాపీ. అది నిరూపించేది కడిగిన తర్వాత మెంబ్రేన్ మీద ప్రొడక్ట్ అవశేషం మిగల్లేదు అని మాత్రమే. మిరిస్టేట్‌లో, 40 డిగ్రీల బాత్‌లో, ప్రొడక్ట్‌తో కలిసి ఉన్నంతసేపూ ఆ సూడోమోనాస్ బతికే ఉందా అన్నదానికి అందులో జవాబు లేదు. కాబట్టి కల్చర్ కరిగిన ప్రొడక్ట్‌లోనే కలిపి, వోర్టెక్స్ చేసి, మామూలు టెస్ట్‌లో ఎంత టైము పడుతుందో అంత టైమూ ఆగి అప్పుడు ఫిల్టర్ చెయ్యి. రికవరీ తక్కువొస్తుందని భయపడకు, తక్కువొస్తే ఆ తక్కువే నిజం, అప్పుడు టైమో వేడో తగ్గించి మళ్ళీ చూడాలి.

క్రీమ్ ఇంకో రకం తలనొప్పి. నీళ్ళలో బాగానే కలిసిపోతుంది, అక్కడ సమస్య లేదు, సమస్య ఏంటంటే ఒకే ట్యూబులో బ్యాక్టీరియాని చంపే జెంటామైసిన్, ఫంగస్‌ని ఆపే క్లోట్రిమజోల్, పైన ప్రిజర్వేటివ్. మామూలు పెప్టోన్ వాటర్‌లో 1:10 చేసి 1 ఎంఎల్ ప్లేట్ వేస్తే జీరో రాక ఏమొస్తుంది? విత్తిన చోట కలుపు మందు కొట్టి మొలకెత్తలేదని గింజని తప్పుపట్టినట్టు ఉంటుంది ఆ టెస్ట్.

ప్రిజర్వేటివ్ పారాబెన్స్ అయితే ట్వీన్ 80, లెసిథిన్ కలిపిన డైల్యుయెంట్ చాలావరకు పట్టేస్తుంది. క్లోరోక్రెసాల్ లాంటి ఫినాలిక్ అయితే ట్వీన్‌తో పాటు డైల్యూషన్ మీదే ఎక్కువ ఆధారపడాలి. జెంటామైసిన్‌కి మాత్రం ఇవేవీ పనికిరావు, పెన్సిలిన్లకి బీటా లాక్టమేజ్ ఉన్నట్టు దీనికి సులువైన మందు సీసా లేదు, బాగా డైల్యూట్ చేసి ఫిల్టర్ చేసి కడగడమే. చాలామంది ఇక్కడికొచ్చి సరే అయితే 1:100 చేద్దాం, 1:1000 చేద్దాం అంటారు, సూటబిలిటీ పాసవుతుంది, ప్రోటోకాల్ సైన్ అయిపోతుంది. ఆగి లెక్క చూడు. చర్మానికి రాసే ప్రొడక్ట్‌కి లిమిట్ టోటల్ ఏరోబిక్ కౌంట్ గ్రాముకి 100, ఈస్ట్ మోల్డ్ గ్రాముకి 10, ఫార్మకోపియా వెసులుబాటు ప్రకారం వీటిని 200, 20 దాకా ఒప్పుకోవచ్చు. 1:10లో 1 ఎంఎల్ ప్లేట్ వేస్తే ఒక్క కాలనీ అంటే గ్రాముకి 10. 1:100లో 1 ఎంఎల్ వేస్తే ఒక్క కాలనీ అంటే గ్రాముకి 100. అంటే ఈస్ట్ మోల్డ్ లిమిట్ 10 ఉన్న చోట నీ మెథడ్ 100 కంటే తక్కువని చూడనే చూడలేదు, ఒక్క మోల్డ్ కాలనీ వచ్చినా ఫెయిల్, అసలు రాకపోతే గ్రాముకి 50 ఉన్నా నీకు తెలీదు. డైల్యూషన్ పెంచితే ప్లేట్ వేసే వాల్యూమ్ కూడా అంతే పెంచాలి. 1:100 నుంచి 10 ఎంఎల్‌ని ప్లేట్లకి పంచి పోసి అన్ని కాలనీలూ కూడు, లేదా 100 ఎంఎల్ ఫిల్టర్ చెయ్యి, అప్పుడు మెంబ్రేన్ మీద మొత్తం 1 గ్రాము ఉన్నట్టు. మీ ప్రోటోకాల్‌లో ఈ లెక్క రాసి ఉందో లేదో చూడు, లేకపోతే ముందు అది రాయించు. క్రీమ్‌లో ఉన్న మైనం, ఎమల్సిఫయర్ ఫిల్టర్‌ని మూసేస్తే మెల్లగా 40 డిగ్రీల డైల్యుయెంట్‌తో, ట్వీన్ కాస్త పెంచి, తక్కువ తక్కువ వాల్యూమ్‌లో రెండు మూడు మెంబ్రేన్ల మీద పంచుకో.

స్పెసిఫైడ్ ఆర్గానిజమ్స్ దగ్గర ఈ బాధ తక్కువ. చర్మానికి రాసేవాటికి 1 గ్రాములో స్టాఫ్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుగినోసా ఉండకూడదు. ఇక్కడ 1:10లోంచి 10 ఎంఎల్, అంటే మొత్తం 1 గ్రాము, సోయాబీన్ కేసిన్ డైజెస్ట్ బ్రాత్ (క్రిములు పెరిగే ద్రవం)లోకి వెళ్తుంది, ఆ బ్రాత్ 100 ఎంఎల్ బదులు 500 గానీ 1000 గానీ పెట్టుకో, ఒక్క సెల్ ఉన్నా ఆ ఫ్లాస్క్‌లోనే ఉంటుంది కాబట్టి సెన్సిటివిటీ తగ్గదు, యాంటీబయోటిక్ మాత్రం పలచబడిపోతుంది. 18 నుంచి 24 గంటలయ్యాక సూడోమోనాస్ కోసం సెట్రిమైడ్ అగార్ మీద, స్టాఫ్ కోసం మానిటాల్ సాల్ట్ అగార్ మీద స్ట్రీక్ చేసి (గీసి) 18 నుంచి 72 గంటలు చూడు. సెట్రిమైడ్ మీద పచ్చటి పిగ్మెంట్ వస్తేనే సూడోమోనాస్ అనుకోకు, పిగ్మెంట్ లేనివీ ఉంటాయి, ఏది పెరిగినా ఐడెంటిఫికేషన్‌కి పంపు. అన్నీ చేసినా జెంటామైసిన్ వల్ల ఫలానా ఆర్గానిజం రికవర్ కాలేదనుకో, అప్పుడు ఈ ప్రొడక్ట్‌లో ఆ ఆర్గానిజం ఉండే అవకాశం తక్కువ అని ఫార్మకోపియా ఒప్పుకుంటుంది, కానీ ఎన్ని న్యూట్రలైజర్లు, ఎన్ని డైల్యూషన్లు ప్రయత్నించారో మొత్తం డేటా చూపించాకే ఆ మాట, మొదటి ట్రయల్‌లోనే చేతులెత్తేసి రాసే వాక్యం కాదది.

లిమిట్ లోపల ఉంటే చాలు అనుకునే అలవాటు మన పరిశ్రమలో ఇంకా పోలేదు. 30 సీఎఫ్‌యూ వచ్చాయి, లిమిట్ 100, పాస్. కానీ ఆ 30 ఏంటి? అది బర్కోల్డేరియా సెపాసియా అయితే? అది నీళ్ళల్లో బతికేది, ప్రిజర్వేటివ్‌ని కూడా తట్టుకుని క్రీమ్‌లో పెరగగలిగేది, ఈరోజు 30 ఉన్నది షెల్ఫ్ మీద ఆర్నెల్లకి ఎంతవుతుందో ఎవరు చెప్పగలరు. దీనికోసమే యూఎస్‌పీ, అంటే అమెరికా ఫార్మకోపియా, 2019 డిసెంబర్ నుంచి విడిగా 60వ చాప్టర్ అమల్లోకి తెచ్చింది. నీళ్ళు ఉన్న ప్రతి క్రీమ్‌కీ, లోషన్‌కీ, జెల్‌కీ ఈ టెస్ట్ చెయ్యాలనే నేను మా వాళ్ళతో వాదిస్తాను. ఆ క్రీమ్ ఎవరు రాసుకుంటారో ఆలోచించు, నీ కాంబినేషన్‌లోనే బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంది, స్టెరాయిడ్ రాసిన చోట చర్మం రక్షణ తగ్గుతుంది, దాన్నే చంటిపిల్లల డయపర్ రాష్‌కి రాసేస్తున్నారు మన ఊళ్ళల్లో, కాలిన పుండ్ల మీదా రాస్తున్నారు.

ఈ లిమిట్లు ఎక్కడినుంచో ఊడిపడలేదు. 1960ల్లో స్వీడన్‌లో కంటి ఆయింట్‌మెంట్‌లో సూడోమోనాస్ ఉండి పేషెంట్ల కళ్ళకి ఇన్ఫెక్షన్లు వచ్చాయి, అదే రోజుల్లో అక్కడే థైరాయిడ్ మాత్రల్లో సాల్మొనెల్లా బయటపడింది, ఆ తర్వాతే నాన్ స్టెరైల్ మందులకి కూడా కౌంట్ పెట్టాలన్న ఆలోచన గట్టిపడింది. మన కాలంలోనే 2023లో అమెరికాలో మన దేశంలో తయారైన కంటి చుక్కల వల్ల మందులకి లొంగని సూడోమోనాస్ ఎరుగినోసా వ్యాపించింది, అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కలో 18 రాష్ట్రాల్లో 81 మంది, నలుగురు చనిపోయారు, 14 మందికి చూపు పోయింది, నలుగురికి కన్నే తీసేయాల్సి వచ్చింది, అదే తయారీదారు చేసిన కంటి ఆయింట్‌మెంట్‌ని కూడా వాడొద్దని ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కంటి ఆయింట్‌మెంట్ పూర్తిగా స్టెరైల్ ఉండాలి, దానికి ఈ కౌంట్ టెస్టులు కాదు, 14 రోజుల స్టెరిలిటీ టెస్ట్, అక్కడ కూడా పారఫిన్ బేస్ అయితే మిరిస్టేట్‌లో కరిగించి ఫిల్టర్ చెయ్యడమే.

ఇక కౌంట్ వస్తే ఎక్కడ వెతకాలి అని కూడా అడిగావు. నీళ్ళు లేని ఆయింట్‌మెంట్‌లో బ్యాక్టీరియా పెరగదు, వాటర్ యాక్టివిటీ (క్రిములు వాడుకోగల నీళ్ళ కొలత, గరిష్ఠం 1) సరిపోదు, సూడోమోనాస్‌కి 0.97 దాకా కావాలి, స్టాఫ్ ఆరియస్ అయితే 0.86 దగ్గర కూడా నెట్టుకొస్తుంది. కానీ పెరగకపోవడం వేరు, చావడం వేరు, స్పోర్లు ఆ గ్రీజులో హాయిగా కూర్చుంటాయి, ట్యాంకు మూత మీద చెమ్మ పట్టి ఒక్క నీటి బొట్టు పడితే ఆ బొట్టు చుట్టూ పెరగడానికి కూడా చోటు దొరుకుతుంది. క్రీమ్‌లో అయితే ముందు ప్యూరిఫైడ్ వాటర్ చూడు, ఎంఎల్‌కి 100 లిమిట్ ఉంది కదా అని ఊరుకోకుండా ఆ పాయింట్ ట్రెండ్ ఎటు పోతోందో చూడు. ఆ తర్వాత చల్లార్చే స్టేజి. ఆయిల్ ఫేజ్, వాటర్ ఫేజ్ రెండూ 70-75 డిగ్రీల్లో కలుస్తాయి, అక్కడ మామూలు బ్యాక్టీరియా బతకడం కష్టం, 40కి దిగాక డ్రగ్ కలుపుతారు, ట్రాన్స్‌ఫర్ పంపు, హోస్ పైపు, ఫిల్లింగ్ మిషన్ హాపర్ దాటుకుని ట్యూబులోకి వెళ్తుంది. ఆ హోస్ పైపుని కడిగాక వేలాడదీసి ఆరబెడుతున్నారా, చుట్ట చుట్టి తడిగా పడేస్తున్నారా, వెళ్ళి కళ్ళతో చూడు. స్వాబ్ తీసేటప్పుడు పైపు మధ్యలో నీళ్ళు నిలిచే వంపు దగ్గర, గాస్కెట్ కింద తీసుకో, తేలిగ్గా చెయ్యి అందే మూతి దగ్గర కాదు.

ఇంకొకటి, ఆర్ అండ్ డీ వాళ్ళతో మాట్లాడగలిగితే ఇది చెప్పు. ల్యాబ్‌లో పారాబెన్‌ని ఆపడానికి మనం ట్వీన్ వాడుతున్నాం కదా, అదే ట్వీన్ లాంటి నాన్ అయానిక్ ఎమల్సిఫయర్ క్రీమ్ ఫార్ములాలోనే ఎక్కువైతే అక్కడా పారాబెన్‌ని కట్టేస్తుంది, మిగతాది నూనెలోకి వెళ్ళిపోతుంది, బ్యాక్టీరియా పెరిగే నీళ్ళ భాగంలో మిగిలేది కొంచెమే. అస్సే, అంటే ఎంత ఉందో కొలిచే రసాయన పరీక్ష చేస్తే పారాబెన్ 100 శాతం చూపిస్తుంది, పని మాత్రం చెయ్యదు. అందుకే 28 రోజుల ప్రిజర్వేటివ్ ఎఫికసీ టెస్ట్ ఉన్నది. యూఎస్‌పీలో టాపికల్స్‌కి (చర్మానికి రాసేవాటికి) 14 రోజుల్లో బ్యాక్టీరియా కనీసం 2 లాగ్, అంటే వందో వంతుకి తగ్గాలి, తర్వాత 28 దాకా పెరగకూడదు, ఈస్ట్ మోల్డ్ అసలు పెరగకూడదు. ఎమల్సిఫయర్ సప్లయర్ మారినా ఈ టెస్ట్ మళ్ళీ చెయ్యాలి.

సీనియర్‌తో గొడవ పెట్టుకోకు. రెండు ప్రొడక్టులకీ సూటబిలిటీ రిపోర్ట్ ఎక్కడుందో అడుగు, అందులో మధ్య గ్రూపు ఉందా, కల్చర్ ఎక్కడ కలిపారు, ఒక్క కాలనీ అంటే గ్రాముకి ఎంత అన్న ఈ మూడూ చూడు. రిపోర్ట్ లేకపోతే ప్రోటోకాల్ డ్రాఫ్ట్ నువ్వే రాసి మీ హెడ్‌కి మెయిల్ పెట్టు, అప్పటిదాకా రిలీజ్ అయిన బ్యాచ్‌ల సంగతి ఏం చెయ్యాలన్నది క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) నిర్ణయం, అది నీ ఒక్కడి భుజాల మీద వేసుకోకు. నీ క్రీమ్‌లో ఉన్నది పారాబెన్సా, క్లోరోక్రెసాలా, బెంజైల్ ఆల్కహాలా, ఎంత శాతమో ఫార్ములా చూసి ఇక్కడ రాయి, ఏ న్యూట్రలైజర్‌తో ఎంత డైల్యూషన్ నుంచి మొదలుపెట్టాలో చెప్తాను.